ఎవరి ఆసియాను చదివిద్దాం?
వరంగల్ బడుల్లో ఆసియా పాఠం: ఒక విమర్శ

మన బడుల్లో ఆసియా గురించి చెప్పడం లేదని ఎవరూ అనలేరు. పటం గీయిస్తున్నారు. నదుల పేర్లు, రాజధానుల పేర్లు బట్టీ పట్టిస్తున్నారు. చైనా విప్లవం, వియత్నాం యుద్ధం పరీక్షలో వస్తున్నాయి. కాబట్టి చెప్తున్నారా లేదా అన్నది ప్రశ్న కాదు. చెప్తున్న ఆసియాలో మనిషి ఉన్నాడా? ఉంటే ఏ మనిషి? రాజు ఉన్నాడు, వర్తకుడు ఉన్నాడు, దేశనాయకుడు ఉన్నాడు. రేవులో బస్తాలు మోసినవాడు, రబ్బరు చెట్టుకు గాటు పెట్టినామె, ఊరవతల లందలో తోళ్లు నానబెట్టినవాడు లేరు. వాళ్లు లేని ఆసియా అగ్రకుల ఆసియాయే.

ఈ మాటను ప్రధానోపాధ్యాయులతోనే మాట్లాడాలి. పాఠ్యపుస్తకం హైదరాబాదులో తయారవుతుంది, నిజమే. కానీ దానికి బడిలో ప్రాణం పోసేదీ తీసేదీ పెద్దసారే. సోషల్ పీరియడును లెక్కలకు ఇచ్చేది ఆయనే. గ్రంథాలయానికి ఏ పుస్తకాలు కొనాలో, ప్రార్థన సమావేశంలో ఎవరి గురించి చెప్పాలో, ప్రాజెక్టు పనికి ఏ అంశం ఇవ్వాలో నిర్ణయించేది ఆయనే. ఆయన కదలకుండా సోషల్ సారు ఒక్కడు కదిలితే అది ఒక్క ఏడాది ముచ్చటే. బదిలీతో అయిపోతుంది.

ఎవరి అవసరం కోసం?

ఆసియాను చదవడం ఎప్పుడూ అమాయకమైన పని కాదు. రష్యా స్పుత్నిక్‌ను పంపిన మరుసటి ఏడాది, 1958లో, అమెరికా దేశరక్షణ పేరుతోనే ఒక విద్యా చట్టం చేసి, ఆసియా భాషలకూ ప్రాంతాల చదువుకూ డబ్బు పోసింది. ఆస్ట్రేలియా 1992లో ఆసియా ఎడ్యుకేషన్ ఫౌండేషన్‌ను పెట్టింది. తర్వాత వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళికలో, అన్ని సబ్జెక్టుల్లో నడవాల్సిన మూడు అంశాల్లో ఆసియాతో సంబంధాన్ని ఒకటిగా చేర్చింది. వాళ్ల సరుకు కొనేది జపాన్, చైనాలు. ఆ లెక్క ఆ పాఠం వెనక ఉంది. అయినా వాళ్లు ఒక పని చేశారు. మిగిలిన రెండు అంశాల్లో ఒకటి అక్కడి మూలవాసుల చరిత్ర. బయటి ఆసియాను చదివేటపుడు ఇంట్లోని అణచివేతను కూడా అదే పలక మీద రాయాల్సి వచ్చింది. మనకు కావలసిన ఆధారం ఇక్కడ దొరుకుతుంది.

మన దగ్గర కూడా అవసరం పుట్టింది. 2017లో గీసుగొండ, సంగెం మండలాల్లో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు మొదలైంది. అక్కడ దక్షిణ కొరియా కంపెనీ యంగ్‌వన్ ఫ్యాక్టరీకి 2023లో శంకుస్థాపన జరిగింది. కొరియా పాటలు పిల్లల ఫోన్లలో ఉన్నాయి. రేపు కొరియా కుట్టుమిషను ముందు కూర్చునేది ఈ పల్లెల ఆడపిల్లలే. అప్పుడు మన బళ్లు కొరియా గురించి ఏం చెప్తాయి? పెట్టుబడి, క్రమశిక్షణ, ఎదుగుదల అని చెప్తాయి. ఆ దేశంలో కూడా పశువులను కోసేవాళ్లు అంటరానివాళ్లుగా బతికారనీ, వాళ్లు సంఘం పెట్టి తిరగబడ్డారనీ చెప్పవు. కొరియాను ఆ అమ్మాయికి యజమానిగా పరిచయం చేస్తాయేగాని చుట్టంగా పరిచయం చెయ్యవు.

పుస్తకంలో ఏముంది, ఏం పోయింది

న్యాయంగా మాట్లాడాలంటే, 2011 రాష్ట్ర విద్యాప్రణాళిక పత్రం తర్వాత వచ్చి, 2014 తర్వాత తెలంగాణలో మార్పులతో నడిచిన సాంఘికశాస్త్రం పుస్తకాలు అంతకుముందు వాటికంటే ఎంతో మేలు. తొమ్మిదో తరగతిలో లాటిన్ అమెరికా, ఆసియా, ఆఫ్రికాల్లో వలసపాలన గురించి పాఠం ఉంది. ప్రజాస్వామ్యం కోసం బర్మా ప్రజలు పడిన కష్టం ఉంది. పదో తరగతిలో చైనా, వియత్నాం, నైజీరియా విముక్తి పోరాటాలున్నాయి. దొర ఎవడో, కౌలుదారు ఎవడో పిల్లవానికి తెలుస్తుంది. సాయుధ పోరాటం నడిచిన నేల మీద ఈ పాఠం చెప్పడం సులువు కూడా.

కానీ ఈ పుస్తకాల చూపు ఒక దగ్గర ఆగిపోయింది. నిరసనోద్యమాల పాఠం తెరిస్తే యూరపు వస్తుంది. మరమగ్గాలు పగలగొట్టిన ఇంగ్లండు కార్మికులు, సోషలిస్టులు, ఓటుహక్కు అడిగిన స్త్రీలు వస్తారు. మన కాలపు ఉద్యమాలంటే అమెరికా నల్లవాళ్ల పౌరహక్కుల పోరాటం వస్తుంది. అది ఉండాల్సిందే. 1972లో బొంబాయిలో దళిత పాంథర్లు ఆ పేరు పెట్టుకున్నదే నల్లవాళ్లను చూసి. అయితే ఆసియా అనగానే దేశం, జాతి, విదేశీ పాలన మాత్రమే కనబడుతున్నాయి. ఆసియా సమాజాల లోపలి మెట్లు కనబడడం లేదు. అణచివేత అంటే తెల్లవాడు చేసేదే, స్వాతంత్ర్యం రాగానే అది అయిపోయింది అనే భ్రమ దీనివల్ల బలపడుతుంది. మన జాతీయోద్యమ చరిత్ర ఇన్నాళ్లు దళితులకు చెప్పిన అబద్ధమే ఇప్పుడు ఆసియా అంతటికీ పరచుకుంది.

కేంద్రం పుస్తకాల సంగతి ఇంకా స్పష్టం. మామునూరు నవోదయలో, కేంద్రీయ విద్యాలయాల్లో నడిచేవి అవే. 2019లో ఎన్.సి.ఇ.ఆర్.టి. తొమ్మిది, పది తరగతుల చరిత్ర పుస్తకాల్లోంచి కొన్ని అధ్యాయాలు తీసేసింది. పదో తరగతిలో ఇండో-చైనా జాతీయోద్యమం పోయింది. తొమ్మిదో తరగతిలో బట్టల సామాజిక చరిత్ర పోయింది. ట్రావన్‌కోర్‌లో నాడార్ స్త్రీలు పైబట్ట కోసం చేసిన పోరాటం అందులోనే ఉండేది. 2022లో పదకొండో తరగతిలోంచి ఇస్లాం కేంద్ర భూముల అధ్యాయం పోయింది. పిల్లల మీద భారం తగ్గించడానికి అన్నారు. కత్తెర ఎక్కడెక్కడ పడ్డదో చూడండి: వియత్నాం రైతు, కులం చేత రొమ్ము కప్పుకోనివ్వని స్త్రీ, అరబ్బు దేశాల చరిత్ర. ఇవి ఎవరికి భారమైనయి?

ఓరుగల్లు వైభవం

ఆసియాను స్థానికంగా చెప్పాలనుకునే సార్లకు వెంటనే గుర్తొచ్చేది కాకతీయులు. 1244 ప్రాంతంలో గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనం నిజంగా గొప్ప పత్రం. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును అంతకుముందు రాజులు గుంజుకునేవాళ్లు. ఇకనుంచి అట్లా చెయ్యం, సుంకం మాత్రమే తీసుకుంటం అని రాజు సముద్ర వర్తకులకు మాట ఇచ్చాడు. గంధం, కర్పూరం, ముత్యాలు, దంతం, పట్టు ఆ రేవులో దిగేవి. తర్వాత మార్కోపోలో ఈ తీరాన్ని ముత్ఫిలి అని రాసి, రాణి పాలన గురించీ, సన్నటి బట్టల గురించీ, వజ్రాల గురించీ చెప్పాడు.

ఈ పాఠాన్ని ఎక్కడ ఆపుతున్నామన్నదే గొడవ. రాజు ఉదారుడు, రాణి ధీర, వ్యాపారం బాగుండె అని ఆపితే అది పర్యాటక శాఖ కరపత్రం. ఆ సన్నబట్ట నేసింది ఎవరు? వజ్రాల కోసం గుట్టలు తవ్వింది ఎవరు? మోటుపల్లి నుంచి ఓరుగల్లు దాకా మూటలు మోసింది ఎవరు? శాసనాలు వాళ్ల పేర్లు రాయలేదు. రాయలేదన్న సంగతి కూడా పాఠమే. శాసనం ఎవరు వేయిస్తారు, ఎవరి మీద వేస్తారు అని అడగడం ఎనిమిదో తరగతి పిల్లలకు చేతకాని పనేం కాదు.

దీనికి ఇంకో రూపం ఉంది, అది మరీ ప్రమాదం. 1926లో కలకత్తాలో బృహత్తర భారత సంఘం పుట్టింది. ఆంగ్‌కోర్, బోరోబుదూర్‌లను భారత సంస్కృతి పోయి వెలిగిన చోట్లుగా చెప్పే చూపుకు అది బలం ఇచ్చింది. ఇప్పటికీ ఆసియా అంటే ‘మనం వాళ్లకు ఇచ్చింది’ అని చెప్పే ఉపన్యాసాలు బడి వేదికల మీద వినబడుతున్నాయి. ఖ్మేరు కూలీ ఎత్తిన రాయికి అయోధ్య పేరు పెట్టి, పొరుగువాణ్ణి శిష్యుడిగా చూడడం నేర్పే ఈ చదువు ఆసియా చదువు కాదు. అది బ్రాహ్మణీయ గర్వాన్ని ఎగుమతి చేయడం.

కూలి నడిచిన దారి

తెలుగువాళ్ల ఆసియాను నిజంగా గీసింది కూలి. కోరంగి రేవు పేరు మీద బర్మాలో తెలుగు కూలీలను కోరంగీలు అన్నారు. ఆ మాటను తిట్టుగా కూడా వాడారు. రంగూన్ రేవులో బస్తాలు దించింది, రిక్షాలు లాగింది, పాకీపని చేసింది వాళ్లే. అందరూ దళితులు కాదు. కానీ ఇక్కడ భూమి లేక, అప్పులు తీరక ఓడెక్కిన వాళ్లలో అణగారిన కులాలు ఎక్కువగా ఉండడం ఆశ్చర్యం కాదు. 1930 మే నెలలో రంగూన్ రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. ఓడల యజమానులు వాళ్ల స్థానంలో బర్మా కూలీలను పెట్టుకున్నారు. సమ్మె తెగి తెలుగువాళ్లు పనిలోకి రాగానే బర్మావాళ్లను వెళ్లగొట్టారు. మే 26న మొదలైన కొట్లాటలో చాలామంది తెలుగు కూలీలు చచ్చిపోయారు. ఒక పేదవాని చేత ఇంకో పేదవాణ్ణి కొట్టించి యజమాని ఒడ్డున నిలబడ్డాడు. వలసపాలన అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకంటే మంచి పాఠం ఎక్కడుంది? 1942లో జపాన్ సైన్యం వచ్చినపుడు లక్షల మంది భారతీయులు బర్మా కొండల్లో కాలినడకన బయలుదేరారు. ఎంతోమంది దారిలోనే పోయారు.

మలయా రబ్బరు తోటల కథా ఇంతే. 1942-43లో జపాన్ సైన్యం సయాం-బర్మా రైలుదారి వేయించింది. దాని మీద 1957లో పేరుమోసిన ఇంగ్లీషు సినిమా వచ్చింది. అందులో తెల్ల ఖైదీల బాధ చూస్తాం. ఆ దారి మీద సుమారు పన్నెండు వేల మంది పాశ్చాత్య ఖైదీలు చనిపోతే, ఆసియా కూలీలు దానికి ఎన్నో రెట్లు చనిపోయారు. వాళ్లలో మలయా తోటల తమిళులు, తెలుగువాళ్లు ఉన్నారు. వాళ్లకు సినిమా లేదు, పాఠం లేదు.

ఢాకాకు పోదాం. వీధులు ఊడ్వడానికి, పాయిఖానాలు ఎత్తడానికి బ్రిటిషువాళ్ల కాలంలో తీసుకుపోయిన తెలుగు కుటుంబాల వారసులు అక్కడ ఇంకా ఉన్నారు. ఇంట్లో తెలుగు, బయట బంగ్లా. 2023లో ధల్‌పూర్ తెలుగు కాలనీని ఖాళీ చెయ్యమని నగరపాలక సంస్థ చెప్పినపుడు గానీ వాళ్ల మాట బయటి ప్రపంచానికి పెద్దగా వినబడలేదు. దేశం మారింది, జెండా రెండుసార్లు మారింది, చీపురు మారలేదు. ప్రపంచ తెలుగు మహాసభల్లో డాలరు తెలుగు గురించి మాట్లాడినంత, ఈ చీపురు తెలుగు గురించి మాట్లాడామా?

చివరికి గల్ఫ్. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల అంతగా కాకపోయినా మన వరంగల్ పల్లెల నుంచి కూడా పోయినవాళ్లున్నారు. సౌదీ ఎక్కడుందో పటంలో చూపించలేని పిల్లవాని ఇల్లు సౌదీ పైసలతో నడుస్తుంది. కార్మికుని వీసాను యజమానికి కట్టేసే కఫాలా పద్ధతి గురించి చెప్తే ఈ పిల్లవానికి కొత్తగా ఉండదు. అప్పు తీరేదాకా దొర గడప దాటలేని జీతగాని కథ తాత నోట విన్నదే. ఖతర్ 2020లో చట్టం మార్చి, పని మారడానికి పాత యజమాని అనుమతి అక్కర్లేదన్నది. తెలంగాణ ప్రభుత్వం 2024లో గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల కుటుంబాలకు ఐదు లక్షలు ఇస్తామన్నది. ఇవి పౌరశాస్త్రం పాఠాలు కావా?

మనలాంటి వాళ్లు

జపాన్‌లో బురాకు ప్రజలున్నారు. జాతి అదే, భాష అదే, రంగు అదే. తోలు పని, పశువుల్ని కోసే పని, శవాల పని చేసినందుకు వాళ్లను ఊరవతల పెట్టారు. 1871లో ప్రభుత్వం అంటరానితనం రద్దు చేసింది. కాగితం మీద రద్దయింది. 1906లో షిమజాకి తోసొన్ ‘హకాయ్’ అనే నవల రాశాడు. అందులో నాయకుడు ఒక బడిపంతులు. పుట్టుకను ఎక్కడా బయటపెట్టవద్దని తండ్రి ఆజ్ఞ. చివరికి తన పిల్లల ముందే చెప్పుకుంటాడు, తలవంచి క్షమాపణ అడుగుతాడు. క్షమాపణ ఎందుకు అడగాలి అన్నది బురాకు ఉద్యమం వేసిన ప్రశ్న. హనుమకొండలో అద్దెగది కోసం ఇంటిపేరు మార్చి చెప్పుకున్న దళిత విద్యార్థికి ఈ నవల పరాయిది ఎట్లా అవుతుంది?

1922 మార్చి 3న క్యోటోలో బురాకు ప్రజలు సుయిహెయిషా స్థాపించారు. సుయిహెయి అంటే నీటి మట్టం. నీళ్లు ఎట్లా సమంగా నిలుస్తాయో మనుషులూ అట్లా నిలవాలని. మరుసటి ఏడాది, 1923 ఏప్రిల్‌లో, కొరియాలోని జింజులో బెక్‌జోంగ్ ప్రజలు హ్యోంగ్‌ప్యోంగ్‌సా పెట్టారు. ఆ పేరుకు సమంగా తూగే తక్కెడ అని అర్థం. మాంసం తూచే చేతుల్లో తక్కెడే జెండా అయింది. అక్కడ చట్టం 1894లోనే వాళ్ల హీనస్థితిని తీసేసింది. అయినా వాళ్ల పిల్లల్ని బడిలో చేర్చుకోలేదు. ఉద్యమానికి దారితీసిన కారణాల్లో అదొకటి. 1925లో యేచోన్‌లో వాళ్ల మీద దాడి జరిగింది. తలెత్తుకున్నందుకు కొట్టడం కారంచేడు (1985), చుండూరు (1991) వాసులకే తెలుసనుకున్నాం. ఆసియాకంతటికీ తెలుసు.

జపాన్ ఇంకో సంగతి చెప్తుంది. 1975లో ఒక రహస్య పుస్తకం బయటపడ్డది. అందులో బురాకు వాడల పేర్లు, చిరునామాలు ఉన్నాయి. పెద్ద పెద్ద కంపెనీలు దాన్ని కొని, ఉద్యోగానికి వచ్చినవాడు ఏ వాడవాడో చూసుకున్నాయి. 2016లో కూడా బురాకు వివక్ష నిర్మూలనకు కొత్త చట్టం చేయాల్సి వచ్చింది. పారిశ్రామికంగా ఎదిగితే కులం దానంతటదే పోతుంది అనేవాళ్లకు ఇది జవాబు.

బుద్ధుణ్ణి రాయి చెయ్యొద్దు

ఆసియాతో దళితుల బంధం పుస్తకాలు రాకముందే మొదలైంది. అయోతీదాస్ పండితుడు 1898లో సింహళం పోయి బౌద్ధం తీసుకున్నాడు. భాగ్యరెడ్డి వర్మ 1913లోనే హైదరాబాదులో బుద్ధ జయంతి జరిపాడు. ఆదిహిందువుల పిల్లలకు బళ్లు నడిపింది కూడా ఆయనే. అంబేద్కర్ 1950లో సింహళం, 1954లో రంగూన్, 1956 నవంబరులో ఖాట్మండు బౌద్ధ మహాసభలకు పోయాడు. ఖాట్మండులో బుద్ధుడు, మార్క్స్ గురించి మాట్లాడిన పదహారు రోజులకు కన్నుమూశాడు. ఈ ప్రయాణాలను పటం మీద గీయిస్తే అది ఆసియా భూగోళం కాదా?

మన నేల మీదే ఆధారాలున్నాయి: ఫణిగిరి, ధూళికట్ట, నేలకొండపల్లి. నాగార్జునకొండలో బోధిసిరి అనే ఉపాసిక మూడో శతాబ్దంలో వేయించిన శాసనం ఉంది. అందులో కాశ్మీరం, గాంధారం, చీనా, తామ్రపర్ణి పేర్లు ఒక్క వరుసలో వస్తాయి. ఒక స్త్రీ వేయించిన రాతిలో ఆసియా ఉంది. ప్రభుత్వం 2022లో నాగార్జునసాగర్‌లో బుద్ధవనం తెరిచింది. టికెట్టు కొని చూసి, ఫొటో దిగి వచ్చే విహారయాత్రగానే అది మిగిలితే బుద్ధుడు రాయే.

అయితే మనవాళ్లతో కూడా ఒక మాట చెప్పాలి. బౌద్ధ ఆసియాను కులం లేని స్వర్గంగా చూపడం తప్పు. సింహళంలో సియాం నికాయ గొవిగమ కులానికే ఉపసంపద ఇచ్చింది. తక్కిన కులాలవాళ్లు బర్మా పోయి దీక్ష తెచ్చుకుని, 1800ల మొదట్లో అమరపుర నికాయ కట్టుకోవాల్సి వచ్చింది. జపాన్ గుళ్లలో బురాకు మృతులకు అవమానకరమైన పేర్లు చెక్కారు. 1979లో ఒక అంతర్జాతీయ మత సభలో సోతో జెన్ పెద్ద ఒకాయన వివక్షే లేదన్నాడు. గొడవ అయ్యాక ఆ శాఖ తప్పు ఒప్పుకోవలసి వచ్చింది. ఇవి దాచిపెడితే మనం ఇంకో భక్తిపాఠం తయారు చేసినట్టే. ఏ ధర్మమైనా మనుషుల చేతుల్లో ఏమవుతుందో అడగడమే అంబేద్కర్ నేర్పిన పద్ధతి.

పెద్దసారు ఏం చెయ్యగలడు

కొత్త సబ్జెక్టు అక్కర్లేదు. కొత్త పుస్తకం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. నిరసనోద్యమాల పాఠంలో సుయిహెయిషాకు ఒక పీరియడు ఇవ్వొచ్చు. వలసపాలన పాఠంలో రంగూన్ రేవు సమ్మె చెప్పొచ్చు. వియత్నాం పాఠం అయ్యాక సయాం రైలుదారి చెప్పొచ్చు. ప్రాజెక్టు పనికి జెండాలు, రాజధానులు బదులు ‘మా ఊరి నుంచి ఎవరు ఎక్కడికి పోయారు, ఎందుకు పోయారు’ అని ఇవ్వొచ్చు. గల్ఫ్ నుంచి వచ్చిన మనిషిని, ఆయన ఒప్పుకుంటే, ఒకరోజు క్లాసులో సారు కుర్చీలో కూర్చోబెట్టొచ్చు. స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో ఈ పాఠాలను సార్లంతా కలిసి రాసుకుంటే, ఒకరి బదిలీతో అవి పోవు.

మూడు జాగ్రత్తలు మాత్రం తప్పవు. ఆసియా దినం పేరుతో కిమోనోలు కట్టించి, నూడుల్స్ వండించి అయిపోయిందనుకోవద్దు. బురాకు గురించి చెప్తూ మాదిగ పిల్లవాని వైపు చూడొద్దు, వాణ్ణి నిలబెట్టి నీ సంగతి చెప్పు అనొద్దు. కులం గురించి మాట్లాడాల్సిన బాధ్యత ఆ పిల్లవానిది కాదు, గది మొత్తానిది, ముందుగా సారుది. మూడోది, జపాన్‌లో ఉందట అని జాలిపడే పాఠం మధ్యాహ్న భోజనం వరుస దగ్గర ఆగిపోతే, వంటామె ఏ కులమో అడిగి తినని ఇల్లు ఉంటే, ఆ పాఠం అబద్ధం. పెద్దసారు పరీక్ష అక్కడే ఉంది.

‘మన ఇంటి కులాన్ని ప్రపంచం ముందు పెట్టడం దేశం పరువు తీయడం’ అనే మాట తప్పకుండా వస్తుంది. 2001లో డర్బన్‌లో జాతివివక్ష వ్యతిరేక ప్రపంచ సభ జరిగినపుడు భారత ప్రభుత్వం సరిగ్గా ఇదే మాట మీద నిలబడి కులాన్ని చర్చలోకి రానివ్వకుండా అడ్డుపడ్డది. దళితులు మాత్రం అక్కడికి పోయి మాట్లాడారు. పరువు ఎవరిది? ఊరవతల ఉన్నవానిదా, ఊరవతల పెట్టినవానిదా?

అణగారినవాని ఒంటరితనమే అణచివేతకు పెద్ద బలం. ఇది మా ఊరి సంగతి, మా కర్మ, మేమొక్కళ్లమే అనుకున్నంతకాలం దొరకు భయం లేదు. జింజులో తక్కెడ పట్టుకున్నవాడు, ఢాకాలో చీపురు పట్టుకున్నామె, క్యోటోలో నీటి మట్టం అని పేరు పెట్టుకున్నవాళ్లు వరంగల్ వెలివాడ పిల్లవానికి చుట్టాలని తెలిసిన రోజు ఆ ఒంటరితనం పగులుతుంది. ఆసియా పాఠం ఆ పని చేస్తే బడిలో ఉండాలి. రాజుల పేర్లు, ఎగుమతుల లెక్కలు మాత్రమే మోస్తే, ఇప్పటికే బరువైన సంచికి అదింకో పుస్తకం.